వియన్నా నేత్ర చికిత్సాలయం

కంటిలో చిన్న నలుసు పడితే మనిషి నిలువలేడు. రెప్ప దానంతటదే మూసుకుంటుంది. నీరు ధారగా కారుతుంది. చేయి అప్రయత్నంగా కంటివైపు పోతుంది. అంత సున్నితమైన కంటిలోకి కత్తి దించవలసివస్తే ఆ రోగి పడే యాతన ఎటువంటిదో ఊహించుకోవచ్చు. 1884 వరకు ప్రపంచంలో ఎక్కడైనా కంటి శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో అధికులు ఆ యాతనను మెలకువతోనే అనుభవించారు. ఇద్దరు ముగ్గురు బలవంతులు రోగిని కదలకుండా అదిమిపట్టేవారు. వైద్యుడు నిమిషాలలో పని ముగించేవాడు. ఈ స్థితిని మార్చిన పరిశోధన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో, ఒక విశ్వవిద్యాలయ వైద్యశాలలో జరిగింది. అది అక్కడే ఎందుకు జరిగిందన్నది తెలుసుకోదగిన విషయం.

కంటిలోని కటకం వయస్సుతోపాటు మసకబారి చూపును అడ్డగించడాన్ని శుక్లం అంటారు. దీనికి శస్త్రచికిత్స ప్రాచీనమైనదే. సుశ్రుత సంహితలోని ఉత్తరతంత్రం లింగనాశమనే పేరుతో ఈ వ్యాధిని పేర్కొని, మొన గల శలాకతో చేసే చికిత్సను వర్ణించింది. ఐరోపాలోనూ సూదితో కటకాన్ని చూపు దారినుండి పక్కకు నెట్టే పద్ధతి శతాబ్దాల తరబడి సాగింది. అయితే అక్కడ ఆ పని చాలాకాలం ఊరూరా తిరిగే శస్త్రకారుల చేతిలో ఉండిపోయింది. ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ అటువంటివాడే. జర్మనీకి చెందిన మహాసంగీతకారుడు బాక్ 1750లో అతనిచేత కళ్ళకు చికిత్స చేయించుకొన్నాడు. చూపు రాలేదు సరికదా, ఆయన ఆరోగ్యం క్షీణించి అదే సంవత్సరం మరణించాడు. అటువంటి శస్త్రకారులకు హస్తలాఘవం లేదని అనలేము. కాని రోగి తరువాత ఏమయ్యాడో తెలుసుకొనే అవకాశం వారికి లేదు. ఫలితం బయటపడేనాటికి వారు మరొక ఊరిలో ఉండేవారు. పొరపాటు తెలియనివాడు దానిని దిద్దుకోలేడు, శిష్యునికి చెప్పనూలేడు.

కంటివైద్యం ఒకచోట నిలిచి విద్యగా రూపుదిద్దుకోవడంలో గియోర్గ్ జోసెఫ్ బేర్ పాత్ర గొప్పది. వియన్నాలో పేద రోగులకు ఆయన తన ఇంటిలోనే చాలాకాలం చికిత్స చేశాడు. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1784లో ప్రారంభించిన వియన్నా ప్రజావైద్యశాలలో 1812లో బేర్ ఆధ్వర్యంలో ప్రత్యేక నేత్ర చికిత్సాలయం వెలసింది. ప్రపంచంలో తొలి విశ్వవిద్యాలయ నేత్ర చికిత్సాలయంగా దీనిని పేర్కొంటారు. శుక్లం తొలగించడానికి బేర్ రూపొందించిన త్రికోణపు కత్తి ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. అంతకంటె విలువైనది ఆయన బోధన. విద్యార్థి రోగి మంచం పక్కన నిలబడాలి. శస్త్రచికిత్సకు ముందు కన్ను ఎలా ఉన్నదో, తరువాత ఎలా మారిందో తన కళ్ళతో చూడాలి. ఆ విధంగా శిక్షణ పొందినవారు ఐరోపా అంతటా వ్యాపించారు. వారిలో ఒకడైన విలియం మెకంజీ స్కాట్లండుకు తిరిగివెళ్ళి 1824లో గ్లాస్గో నేత్ర వైద్యశాల స్థాపనకు కారకుడయ్యాడు.

ఆ కాలపు వైద్యులకు కంటి లోపలి భాగం మాత్రం కనిపించేది కాదు. పైకి ఏ లోపమూ కనిపించకుండా చూపు పోయిన రోగుల గురించి వారిలో వారే ఒక ఛలోక్తి చెప్పుకొనేవారట: ఆ జబ్బులో రోగికీ ఏమీ కనిపించదు, వైద్యునికీ ఏమీ కనిపించదు అని. 1851లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్ అనే పరికరాన్ని ప్రకటించడంతో ఆ చీకటి తొలగింది. ఐదేళ్ళ తరువాత వియన్నా చికిత్సాలయంలో ఆచార్యుడిగా చేరిన ఫెర్డినాండ్ ఆర్ల్ట్ శిక్షణలో అనేకమంది నేత్రవైద్యులు తయారయ్యారు.

ఆర్ల్ట్ తన పాఠాలలో చర్చించిన చిక్కుల్లో ఒకటి మత్తుమందుకు సంబంధించినది. 1846లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ వాయువుతో రోగిని స్పృహ తప్పించి శస్త్రచికిత్స చేయవచ్చునని రుజువైంది. తక్కిన శస్త్రచికిత్సలకు అది వరమైంది. కంటికి మాత్రం అంతగా కలిసిరాలేదు. కన్ను కోసేటప్పుడు వైద్యుడు పైకి చూడమంటే పైకి, కిందికి చూడమంటే కిందికి రోగి చూడగలగాలి. స్పృహ లేనివాడు ఆ సహకారం అందించలేడు. అంతకంటె ప్రమాదం తరువాత పొంచి ఉండేది. మెలకువ వస్తూనే చాలామందికి వాంతులయ్యేవి. కంటిగాయానికి కుట్లు వేసే అలవాటు అప్పటికి ఇంకా స్థిరపడలేదు. వాంతి ఒత్తిడికి గాయం విచ్చుకొని కంటి లోపలి పదార్థం బయటికి వస్తే చూపు శాశ్వతంగా పోయేది. రోగి మెలకువగానే ఉండాలి, కాని కన్నుమాత్రం నిద్రపోవాలి. ఇదీ ఆ పాఠాలలో మిగిలిపోయిన ప్రశ్న.

ఆ పాఠాలు విన్నవారిలో కార్ల్ కోలర్ ఒకడు. 1857లో బొహీమియాలో జన్మించి, వియన్నాలో వైద్యపట్టం పొంది, అదే వైద్యశాలలో చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. నేత్ర చికిత్సాలయంలో సహాయకుని పదవి ఆయన కోరిక. దానికి సొంత పరిశోధన అవసరం. మార్ఫిన్, క్లోరల్, బ్రోమైడ్ వంటి మందులను జంతువుల కళ్ళలో వేసి చూశాడు. ఏదీ పనిచేయలేదు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది.

అదే వైద్యశాలలో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆయనకు మిత్రుడు. తరువాతి కాలంలో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఆ ఫ్రాయిడే ఆనాడు దక్షిణ అమెరికాలోని కోకా ఆకునుండి తీసిన కొకైన్ శరీరంపై చూపే ప్రభావాన్ని పరిశీలిస్తున్నాడు. ఆ పొడి తగిలితే నాలుక మొద్దుబారుతుందన్నది రహస్యమేమీ కాదు. దానిని మొదట వేరుచేసిన జర్మనీ రసాయనజ్ఞుడు 1860లోనే ఆ సంగతి రాశాడు. ఆ తరువాత రుచి చూసిన ప్రతివారూ గమనించారు. ఇరవై నాలుగేళ్ళపాటు అందరికీ తెలిసిన ఆ విషయంవల్ల ఎవరికీ ఏ ప్రయోజనమూ కలుగలేదు. 1884 వేసవిలో ఒక సహోద్యోగి తన నాలుక మొద్దుబారిందని అన్నప్పుడు కోలర్ మనస్సులో ఆర్ల్ట్ పాఠం మెదిలింది. నాలుకను మొద్దుబార్చేది కంటిని ఎందుకు మొద్దుబార్చదు? సమాధానం చాలామంది నోటిలోనే ఉంది. ప్రశ్న తెలిసినవాడు మాత్రం నేత్ర చికిత్సాలయంలో చదువుకొన్నవాడు.

ఆయన ప్రయోగశాలకు వెళ్ళి కొకైన్‌ను నీటిలో కరిగించి ఒక కప్ప కంటిలో చుక్క వేశాడు. సుమారు నిమిషం తరువాత సూదితో తాకినా కప్ప కదలలేదు. మందు వేయని రెండవ కంటిని తాకగానే ఉలిక్కిపడింది. తరువాత కుందేలు, కుక్క. ఆ తరువాత మనుషులే మిగిలారు. కోలర్, ప్రయోగశాల సహాయకుడు గార్ట్‌నర్ తమ కళ్ళలోనే ఆ చుక్కలు వేసుకొని, అద్దంముందు నిలబడి, గుండుసూది తలతో కార్నియాను తాకి చూసుకొన్నారు. ఏమీ తెలియలేదు. నలుసుకే ఓర్వని కన్ను సూదికి ఊరుకొంది.

సెప్టెంబరు 15న జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో నేత్రవైద్యుల సమావేశం జరిగింది. ప్రయాణానికి డబ్బు చాలక కోలర్ వెళ్ళలేదు. ఆయన వ్యాసాన్ని ట్రియెస్ట్ నగర వైద్యుడు బ్రెట్టావర్ చదివి వినిపించాడు. ప్రపంచ వైద్యచరిత్రలో ఒక పెద్ద మలుపు, దాని కర్త లేని సభలో ప్రకటితమైంది. ఆ సంవత్సరం ముగిసేలోగానే అమెరికా వైద్యులు కూడా కొకైన్‌ను వాడసాగారు. న్యూయార్కులో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు దానిని నరం దగ్గర ఎక్కించి శరీరంలోని ఇతర భాగాలనూ మొద్దుబార్చవచ్చునని చూపాడు. తన మీదనే ప్రయోగాలు చేసుకొని ఆయన ఆ మందుకు బానిసయ్యాడు. కొకైన్ కార్నియాకు హాని చేస్తుందనీ క్రమంగా తెలిసింది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ప్రొకైన్, 1940ల్లో స్వీడన్ దేశంలో లిగ్నోకైన్ వంటి సురక్షితమైన మందులు రూపొందాయి. నేడు మన ఊళ్ళ నేత్రవైద్యశాలల్లో శుక్లం తీసేముందు కంటిలో వేసే చుక్కలు ఈ కోవకు చెందినవే. ఆ శస్త్రచికిత్సకు ముందు రోగి గడ్డం ఆనించి కూర్చొనే యంత్రం ఒకటి ఉంటుంది. కాంతితో కంటి పొడవును కొలిచే ఆ విద్యకు తోడ్పడిన పరిశోధనల్లో వియన్నా విశ్వవిద్యాలయంలో ఫెర్షర్, హిట్జెన్‌బెర్గర్ అనే భౌతికశాస్త్రజ్ఞులు 1990ల్లో చేసినవి ముఖ్యమైనవి.

కోలర్‌కు మాత్రం కోరిన పదవి దక్కలేదు. 1885 జనవరిలో వైద్యశాలలో ఒక తోటి వైద్యుడు ఆయనను యూదుడని దూషించాడు. కోలర్ అతనిని కొట్టాడు. అది కత్తుల ద్వంద్వయుద్ధానికి దారితీసింది. కోలరే గెలిచాడు. కాని వియన్నాలో ఆయనకు దారులు మూసుకుపోయాయి. ప్రశ్నను ఇచ్చిన సంస్థ, సమాధానం తెచ్చినవాడిని నిలుపుకోలేకపోయింది. అక్కడి పాఠాల ఘనతను చెప్పేవారు ఈ మచ్చను కూడా చెప్పాలి. కోలర్ హాలండ్‌లో కొంతకాలం గడిపి, 1888లో న్యూయార్కు చేరి, అక్కడే నేత్రవైద్యుడిగా స్థిరపడి, 1944లో కన్నుమూశాడు.

ఆయన కాగితాలను తరువాత వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరిచారు. వాటిలో ఒక చిన్న పొట్లం ఉంది. 1884 ఆగస్టులో చేసిన మొదటి ప్రయోగాలలో వాడగా మిగిలిన కొకైన్ అని దానిమీద కోలర్ రాసిపెట్టుకొన్నాడు.