అలాస్కా ఓడయాత్ర, రెండు నగరాలలో బస: టికెట్టు కంటే ముందు చూడవలసినవి

బళ్ళారి, హోసూరు, రాయగడ, సిరొంచ, యానాం పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు సరిహద్దు కొత్త విషయం కాదు. పొలం గట్టు దాటితే రాష్ట్రం మారుతుంది, బడిలో భాష మారుతుంది. దాటేవారిని మాత్రం ఎవరూ పత్రం అడగరు. ఈ గ్రామాల నుండి చదువుకొని అమెరికా చేరిన పిల్లలు వేసవిలో తల్లిదండ్రులను పిలిపించుకొని అలాస్కా తీరానికి ఓడలో తీసుకొని పోదలచినప్పుడు, సముద్రం మీద కంటికి కనిపించని మరొక సరిహద్దు ఎదురవుతుంది. అక్కడ పత్రం అడుగుతారు. అది లేనివారికి ఓడలో చోటు దొరకదు.

ఈ యాత్రలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి ఏడు రాత్రుల ఓడ ప్రయాణం. రెండవది దానికి ముందో వెనుకో సియాటిల్ లేదా వాంకూవర్ నగరంలో రెండు మూడు రోజుల హోటలు బస. ఈ రెండింటినీ చక్కగా జతపరచుకొన్న కుటుంబానికి ప్రయాణం సుఖంగా సాగుతుంది.

ఎక్కడ ఎక్కాలి?

అలాస్కా ఓడలు ప్రతి సంవత్సరం సుమారుగా ఏప్రిల్ చివరి నుండి అక్టోబరు వరకు నడుస్తాయి. వీటిలో అధికభాగం అమెరికాలోని సియాటిల్ నుండి గాని, కెనడాలోని వాంకూవర్ నుండి గాని బయలుదేరుతాయి. సియాటిల్ పక్కనున్న రెడ్మండ్, బెల్వ్యూ పట్టణాలలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నందున చాలామంది సియాటిల్ వైపే మొగ్గుతారు.

అయితే సముద్రం విషయంలో ఒక భేదం ఉంది. వాంకూవర్ నుండి బయలుదేరే ఓడలు తీరానికీ దీవులకూ నడుమ ఉన్న ఇరుకు జలమార్గం గుండా సాగుతాయి. దీవులు అడ్డుగా నిలిచినందున అక్కడ అలల ఉద్ధృతి తక్కువ. సియాటిల్ ఓడలు తరచుగా వాంకూవర్ దీవికి పడమటగా, తెరిచిన మహాసముద్రం మీదుగా పోతాయి. బస్సు ఎక్కితేనే తల తిరిగే పెద్దలు ఉన్న కుటుంబం ఈ భేదాన్ని ముందుగానే గమనించాలి.

1886 నాటి చట్టం, నేటి వీసా

సియాటిల్‌లో ఎక్కి, అలాస్కా చూసి, తిరిగి సియాటిల్‌లోనే దిగేవారికి కెనడాతో పని ఏమిటని సందేహం కలగడం సహజం. సియాటిల్ అమెరికాలోనిదే, అలాస్కా కూడా 1867లో రష్యా నుండి 72 లక్షల డాలర్లకు కొన్న నాటి నుండి అమెరికాదే. చిక్కు 1886లో అమెరికా చేసిన ప్రయాణికుల నౌకల చట్టంలో ఉంది. దాని ప్రకారం, విదేశాలలో నమోదైన ఓడలు అమెరికా రేవుల మధ్య మాత్రమే ప్రయాణికులను తిప్పరాదు. నడుమ ఒక విదేశీ రేవును తాకాలి. పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా వంటి దేశాలలో నమోదైనవే. అందుచేత సియాటిల్ ఓడలు సాధారణంగా చివరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియా రేవులో కొన్ని గంటలు ఆగుతాయి. కరోనా కాలంలో కెనడా తన రేవులను మూసివేసినప్పుడు, 2021 మే నెలలో అమెరికా ప్రత్యేక చట్టం చేసి ఈ నియమాన్ని తాత్కాలికంగా సడలించవలసి వచ్చింది.

ఆ కొన్ని గంటల కోసమే భారత పాస్‌పోర్టు గలవారికి కెనడా సందర్శక వీసా కావాలి. విక్టోరియాలో దిగబోమని, గదిలోనే కూర్చుంటామని చెప్పినా ఓడ సంస్థలు సాధారణంగా అంగీకరించవు. అమెరికా వీసా ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని దేశాల వారికి వీసాకు బదులుగా కెనడా ఇచ్చే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతిని 2023 జూన్‌లో మరి 13 దేశాలకు విస్తరించినా, వాటిలో భారతదేశం లేదు.

ఒకే కుటుంబం, వేర్వేరు నియమాలు

కుటుంబంలో అమెరికా పౌరసత్వం గలవారికి కెనడా వీసా అక్కరలేదు. గ్రీన్‌కార్డు గలవారు చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, కార్డు చూపితే చాలు. హెచ్-1బి ఉద్యోగంలో ఉన్న కొడుకుకు, కోడలికి కెనడా వీసా కావాలి. బి-2 సందర్శక వీసాపై వచ్చిన తల్లిదండ్రులకూ కావాలి. అమెరికాలో పుట్టిన మనుమరాలికి మాత్రం అవసరం లేదు. పిల్లలు తమ స్థితిని బట్టి పెద్దల స్థితిని ఊహించుకోవడం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

విక్టోరియాలో ఆగడం అంటే అమెరికా విడిచి, మళ్లీ ప్రవేశించడమే. కాబట్టి అమెరికా వీసా పలుమార్లు ప్రవేశానికి అనుమతించేదై ఉండాలి. తల్లిదండ్రుల ఐ-94 పత్రంలోని గడువును కూడా చూసుకోవాలి. కెనడాలో ఒక పూట గడిపి వచ్చినంత మాత్రాన ఆ గడువు మొదటి నుండి లెక్కకు వస్తుందని భావించరాదు. హెచ్-1బి ముద్ర గడువు ముగిసిన పిల్లలు, 30 రోజులకు మించని కెనడా ప్రయాణం నుండి చెల్లుబాటులో ఉన్న ఐ-94తో తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. దానికి షరతులు ఉన్నందున, తమ ఉద్యోగ సంస్థ న్యాయవాదిని సంప్రదించిన తరువాతనే బయలుదేరడం క్షేమం.

వాంకూవర్‌లో ఎక్కేవారికి కెనడా వీసా అవసరమన్నది చెప్పనక్కరలేదు. అక్కడి కెనడా ప్లేస్ రేవులోనే అమెరికా అధికారులు పాస్‌పోర్టులు, వీసాలు పరిశీలించి ఓడలోకి పంపుతారు.

పత్రాలలో పేర్లు

కెనడా వీసా దరఖాస్తును ఆన్‌లైన్‌లో పంపాలి. వేలిముద్రలు ఇవ్వడానికి బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, ముంబయి నగరాలలో కేంద్రాలు ఉన్నాయి. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు పదేళ్ళు చెల్లుతాయి. 14 ఏళ్ళలోపు పిల్లలకు, 79 ఏళ్ళు దాటిన వృద్ధులకు మినహాయింపు ఉంది. అమెరికా చేరిన తరువాత కూడా దరఖాస్తు చేయవచ్చు. అయితే నిర్ణయానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. అందుచేత స్వగ్రామంలో ఉండగానే ఆ పని ముగించుకోవడం ఉత్తమం.

సరిహద్దు కుటుంబాలకు ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తిరిగి స్వదేశం వస్తారనడానికి ఆధారంగా భూమి పత్రాలు, పింఛను పత్రాలు జతచేస్తారు. అవి కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటాయి. వాటిని ఇంగ్లీషులోకి గాని ఫ్రెంచిలోకి గాని అనువదింపజేసి, అనువాదకుని ప్రమాణపత్రంతో సమర్పించాలి. తెలుగులో వెంకటేశ్వర్లు అయినవారు కన్నడ పత్రంలో వెంకటేశప్పగా, తమిళ పత్రంలో వెంకటేశనుగా కనిపించవచ్చు. ఆ ముగ్గురూ ఒక్కరేనని చెప్పే ప్రమాణపత్రాన్ని ముందే చేయించుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేక ఒకే పేరు ఉన్నవారికి అమెరికా వీసాలో అసలు పేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అనే అక్షరాలు పడతాయి. ఓడ టికెట్టు, విమాన టికెట్టు, హోటలు నమోదు అన్నీ పాస్‌పోర్టులోని పేరుతోనే సరిపోలాలి.

హోటలు బస ఎందుకు?

ఓడ బయలుదేరే ముందు రాత్రి ఆ నగరంలోనే బస చేయడం విలాసమని కొందరు భావిస్తారు. నిజానికి అది జాగ్రత్త. ఓడ సంస్థలు బయలుదేరే వేళకు గంటకు పైగా ముందే నమోదును ముగిస్తాయి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, డబ్బు కూడా సాధారణంగా తిరిగి రాదు. తరువాతి రేవుకు విమానంలో పోయి కలుసుకొందామనుకొన్నా, పైన చెప్పిన చట్టం, పత్రాల నిబంధనలు అడ్డు రావచ్చు. దిగిన రోజున కూడా మధ్యాహ్నానికి ముందు తిరుగు విమానం పెట్టుకోరాదు.

సియాటిల్‌లో విహార నౌకలకు రెండు రేవులు ఉన్నాయి. 66వ రేవు నగర మధ్యంలో, 1907 నాటి పైక్ ప్లేస్ సంతకు సమీపంలో ఉంది. 91వ రేవు ఉత్తరంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. తమ ఓడ ఏ రేవులో నిలుస్తుందో చూసుకొన్న తరువాతనే హోటలు నిర్ణయించాలి. విమానాశ్రయం నుండి నగర మధ్యానికి రైలు ఉంది. సుమారు 40 నిమిషాల ప్రయాణం.

వాంకూవర్ ఇంకా సులువు. 2009లో మొదలైన కెనడా లైను రైలు విమానాశ్రయం నుండి అరగంటలోపే వాటర్‌ఫ్రంట్ స్టేషను చేరుస్తుంది; రేవు ఆ పక్కనే. రేవుకు నడక దూరంలో, కోల్ హార్బర్ ఒడ్డున కోమగాట మారు స్మారకం ఉంది. 1914 మే 23న 376 మంది భారతీయులతో ఆ ఓడ వాంకూవర్ చేరింది. వారిలో అత్యధికులు సిక్కులు. కొద్దిమందిని మాత్రమే దిగనిచ్చి, రెండు నెలల తరువాత జూలై 23న ఓడను వెనుకకు పంపివేశారు. 2016లో కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో అందుకు క్షమాపణ చెప్పారు. ఇప్పుడు అదే తీరం నుండి భారతీయ తల్లిదండ్రులు విహారానికి బయలుదేరుతున్నారు.

దారిలో చూడదగినవి

కెచికాన్ అతివర్షం కురిసే పట్టణం. స్థానిక జాతులవారు దేవదారు మానులపై చెక్కిన టోటెం స్తంభాలకు ప్రసిద్ధి. జూనో అలాస్కా రాజధాని అయినా బయటి నుండి దానికి రోడ్డు మార్గం లేదు. ఓడలోనో విమానంలోనో చేరవలసిందే. పట్టణానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో మెండెన్‌హాల్ హిమానీనదం ఉంది.

స్కాగ్వే 1897–98 నాటి బంగారు వేట కాలంలో వెలసిన పట్టణం. అక్కడి చిన్న రైలుమార్గం నిర్మాణం 1898లో మొదలై 1900లో పూర్తయింది. మూడడుగుల వెడల్పు పట్టాలపై 2,865 అడుగుల ఎత్తు కనుమ వరకు ఎక్కుతుంది. అదే 1900లో ఆంధ్ర, ఒడిశా సరిహద్దున పర్లాకిమిడి చిన్న రైలు మొదలైనదని తెలిసిన పెద్దలకు ఈ ప్రయాణం మరింత రుచిస్తుంది. కనుమ కొన వద్ద కెనడా హద్దు ఉన్నందున కొన్ని విహారాలకు పాస్‌పోర్టు వెంట ఉండాలి.

గ్లేసియర్ బే జాతీయ వనంలోకి రోజుకు రెండు పెద్ద విహార నౌకలను మాత్రమే అనుమతిస్తారు. 1794లో ఆంగ్ల నావికులు చూసినప్పుడు ఆ అఖాతమంతా దాదాపు మంచుతో నిండి ఉంది. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు 40 మైళ్ళకు పైగా వెనుకకు జరిగింది. అన్ని ఓడలూ ఇక్కడికి పోవు. టికెట్టు కొనే ముందు మార్గం చదువుకోవాలి.

భోజనం, ఆరోగ్యం, ఖర్చు

చాలా ఓడలలో శాకాహార భోజనం దొరుకుతుంది. వెల్లుల్లి, ఉల్లి తిననివారు టికెట్టు కొనేటప్పుడే తెలిపి, ఎక్కిన తొలి రాత్రి వడ్డించేవారికి గుర్తుచేయాలి. మూసిన పొట్లాలలోని చిరుతిళ్ళకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఇంట్లో వండినవాటిని అనుమతించరు. పండ్లు, వండిన పదార్థాలు చేతబట్టుకొని రేవులో దిగితే జరిమానా పడవచ్చు.

రేవులో ఇచ్చిన పెట్టెలు గదికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. మందులు, వైద్యుని చీటీ, పాస్‌పోర్టు చేతిసంచిలోనే ఉండాలి. ఓడలో వైద్యుడు ఉంటాడు కాని అది ఖరీదైన వైద్యం. అమెరికా సందర్శనకు తీసుకొన్న బీమా సముద్రంలోను, కెనడాలోను వర్తిస్తుందో లేదో, పాత జబ్బులకు, అత్యవసరంగా ఒడ్డుకు తరలించడానికి చెల్లిస్తుందో లేదో చదివి తెలుసుకోవాలి.

టికెట్టు ధర ఒక గదిలో ఇద్దరి లెక్కన మనిషికి ఇంత అని చెబుతారు. దానికి పన్నులు, రేవు రుసుములు కలుస్తాయి. సిబ్బంది సేవా రుసుము చాలా సంస్థలలో మనిషికి రోజుకు సుమారు 16 నుండి 20 డాలర్ల వరకు ఉంటుంది. రేవులలో విహారాలు, ఇంటర్నెట్టు అన్నీ వేరే. నడి సముద్రంలో సెల్‌ఫోనును విమాన స్థితిలో ఉంచకపోతే బిల్లు భారమవుతుంది. ఓడ సంస్థ ఏర్పరచిన విహారం ఆలస్యమైతే ఓడ వేచి ఉంటుంది. సొంతంగా పోయినవారి కోసం వేచి ఉండదు.

క్రమం తప్పరాదు

మొదట పాస్‌పోర్టు గడువు, అమెరికా వీసా, ఐ-94 చూసుకోవాలి. రెండవది కెనడా వీసా. అది చేతికి వచ్చిన తరువాతనే ఓడ టికెట్టు, ఆ పిమ్మట రేవును బట్టి హోటలు, చివరగా విమానం. తగ్గింపు ధరకు ఆశపడి ఈ వరుసను తలక్రిందులు చేసిన కుటుంబం, రేవు వరకు వచ్చి తల్లిదండ్రులను ఒడ్డున వదలవలసిన స్థితికి చేరవచ్చు. ఎవరి కోసం ఆ యాత్ర తలపెట్టారో వారే ఒడ్డున నిలిచిపోతే, ఎంత గొప్ప మంచుకొండ చూసినా తృప్తి ఉండదు.