పరదేశికి మాట నేర్పడమూ పరిచర్యే

ఆకలేస్తే మనిషి చెయ్యి చాచి అడగగలడు. దాహమేస్తే సైగ చేసి నీళ్ళు తాగగలడు. కానీ గుండెలో గుబులు పుట్టినా, ఒంట్లో నలతగా ఉన్నా, ఎవరైనా అన్యాయం చేసినా సైగలు చాలవు. అప్పుడు మాట కావాలి, అదీ ఎదుటివాడికి అర్థమయ్యే మాట. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాస్తూ ఈ సంగతి సూటిగా చెప్పాడు. పలుకుల భావం తెలియనప్పుడు మాట్లాడేవాడూ, వినేవాడూ ఒకరికొకరు పరదేశులే అవుతారన్నది ఆయన మాటల సారాంశం (1 కొరింథీ 14:11). అక్కడ ఆయన వాడిన గ్రీకు పదం ‘బార్బరోస్’. అర్థం కాని భాష చెవికి ‘బర్ బర్’మని వినిపిస్తుంది గనుక గ్రీకులు పరాయివారిని అలా పిలిచారు. సరిహద్దు దాటి వచ్చినవాడు ఆ నేల మీద ఎన్నేళ్ళున్నా, అక్కడి మాట వచ్చేదాకా పరాయివాడుగానే మిగిలిపోతాడు.

మన సంఘాల్లో ఆదివారం ప్రార్థన మనవులు చదివేటప్పుడు గమనించండి. అమెరికా వీసా కోసం ఒకరు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు క్షేమం కోసం ఒకరు, ఆస్ట్రేలియాలో ఉన్న కూతురి కాన్పు కోసం మరొకరు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయారని మురిసిపోతాం, దేవుణ్ణి స్తుతిస్తాం. మరి వాళ్ళ వెంట వెళ్ళిన భార్యలు, తర్వాత వెళ్ళిన తల్లిదండ్రులు అక్కడ నోరు విప్పగలుగుతున్నారా అని మనం అడగం. ఈ వారం ఆ సంగతే ఆలోచిద్దాం.

నూట యాభై దేశాల ఊరు

ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరానికి ఆగ్నేయంగా, దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో డాండెనాంగ్ అనే ప్రాంతముంది. 150కి పైగా దేశాల్లో పుట్టినవాళ్ళు అక్కడ ఇరుగుపొరుగుగా బతుకుతున్నారు. ఒక వీధిలో ఆఫ్ఘన్ బజారు, మరో వీధిలో లిటిల్ ఇండియా పేరుతో చీరలు, మసాలా దినుసులు అమ్మే దుకాణాలు. వియత్నాం, కాంబోడియా, శ్రీలంకల నుంచి వచ్చినవాళ్ళు కూడా ఎక్కువే. ఆ దేశం మొత్తం మీద 2021 జనాభా లెక్కల ప్రకారం నూటికి 27.6 మంది పరాయి దేశంలో పుట్టినవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే 59 వేలకు పైగా తేలారు. ఇంగ్లిష్ సరిగా రానివారు, బొత్తిగా రానివారు కలిసి ఎనిమిదిన్నర లక్షలు దాటారు.

ఆస్ట్రేలియాకు ఈ అనుభవం కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇల్లూ దేశమూ పోగొట్టుకున్న యూరప్ వాసులు ఓడల్లో అక్కడికి చేరారు. వాళ్ళను ముందుగా ఉంచింది బోనెగిల్లా అనే పాత సైనిక శిబిరంలో. 1947 నుంచి 1971 వరకు మూడు లక్షల మందికి పైగా వలసదారులు ఆ రేకుల షెడ్ల గుండా సాగిపోయారు. వాళ్ళలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు. అక్కడ వాళ్ళ చదువులకు గుర్తింపు లేకపోయింది, నోట ఇంగ్లిష్ లేకపోయింది. అందుకే చాలామంది చేత పారా పట్టాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే, 1948లో, వలస వచ్చిన పెద్దలకు ఇంగ్లిష్ నేర్పే పథకాన్ని ఆ ప్రభుత్వం మొదలుపెట్టింది. అడల్ట్ మైగ్రెంట్ ఇంగ్లిష్ ప్రోగ్రామ్ అనే ఆ పథకం ఏడు దశాబ్దాలు దాటినా ఆగలేదు. చదువు ఉచితం. చంటిపిల్లల తల్లులు తరగతిలో ఉన్నంతసేపూ బిడ్డల్ని చూసుకునే ఏర్పాటు ఉంది. తరగతికి రాలేనివారికి ఇంటికొచ్చి నేర్పే స్వచ్ఛంద సేవకులూ ఉన్నారు. ఒక్కొక్కరికి 510 గంటలే అన్న పరిమితి ఒకప్పుడు ఉండేది. 2021 ఏప్రిల్‌లో దాన్ని ఎత్తేశారు. అరవై ఏళ్ళ మనిషి కొత్త భాష నేర్వడానికి గంటలు లెక్కపెడితే ఎలా? అది ఆలస్యంగా తెలుసుకున్నా, మంచి పనే చేశారు.

అయితే ఎంత మంచి పథకానికైనా గుమ్మం ఒకటుంటుంది. అది ముఖ్యంగా అక్కడ శాశ్వతంగా స్థిరపడేందుకు అనుమతి పొందినవారి కోసం పెట్టిన పథకం. మనవణ్ణి ఎత్తుకోవడానికి విజిటర్ వీసా మీద వెళ్ళిన అమ్మమ్మ, నానమ్మ ఆ గుమ్మం బయటే ఉండిపోతారు. సరిగ్గా అక్కడే ఊరి గ్రంథాలయాలు, పేటల్లోని సామాజిక కేంద్రాలు, సంఘాల హాళ్ళు తలుపులు తెరుస్తున్నాయి.

రెండు మాటల ప్రార్థన

మా సంఘపు తల్లి ఒకరు కొడుకు దగ్గరికి మెల్బోర్న్ వెళ్ళి కొన్ని నెలలుండి వచ్చారు. కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవడు బడికి వెళ్ళాక సాయంత్రం దాకా ఆమెకు గోడలే దిక్కు. తలుపు కొడితే భయం, ఫోన్ మోగితే భయం. పొరుగింటావిడ నవ్వితే తిరిగి నవ్వి లోపలికి వచ్చేయడమే. ఇక్కడ మహిళా సమాజంలో గంటసేపు వాక్యం చెప్పగల మనిషి అక్కడ మూగదయిపోయింది.

కొన్నాళ్ళకు కోడలే వెంటబెట్టుకుని దగ్గరలోని ఒక సంఘపు హాలుకు తీసుకెళ్ళింది. వారానికొక పూట అక్కడ ఇంగ్లిష్ మాట్లాడించే తరగతి జరుగుతుంది. రిటైరైన టీచర్లూ, నర్సులూ నేర్పుతారు. పేరు చెప్పడం, చిరునామా చెప్పడం, ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పడం, బస్సు ఎక్కి ఎక్కడ దిగాలో అడగడం. ఆమె ఇంగ్లిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లో నోటు పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకం ఇప్పటికీ బైబిలు పక్కనే పెట్టుకున్నారు.

ఆమె బల్ల దగ్గర ఒక ఆఫ్ఘన్ స్త్రీ కూర్చునేది. ఒకరోజు ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. ‘ఏమైంది?’ అని మన తల్లి ఆ వారమే నేర్చుకున్న ఇంగ్లిష్‌లో అడిగారు. ‘తమ్ముడు... ఫోన్ లేదు... మూడు నెలలు’ అని ఆమె జవాబు. ‘నేను ప్రార్థన... మీ తమ్ముడు’ అన్నారు మన తల్లి. వ్యాకరణం తప్పే. కానీ ఆ స్త్రీ ఆమె చెయ్యి పట్టుకుని, తరగతి అయ్యేదాకా వదల్లేదట. ఇద్దరిదీ కాని భాషలో ఇద్దరూ ఒకరి బాధ ఒకరు పంచుకున్నారు. ‘అయ్యగారూ, నాకు వచ్చిన ఇంగ్లిష్ అంతా ఆ రోజుకే సరిపోయింది’ అన్నారామె మాతో. ఆ తమ్ముడి పేరు ఆమె ప్రార్థన పట్టికలో ఇంకా ఉంది.

షిబ్బోలెతు దారి, పెంతెకొస్తు దారి

భాషతో మనుషుల్ని తరిమేయవచ్చు, దగ్గరికీ తీసుకోవచ్చు. బైబిల్లో ఈ రెండు దారులూ కనిపిస్తాయి. న్యాయాధిపతుల కాలంలో యొర్దాను రేవు దగ్గర గిలాదువారు కాపలా పెట్టి, దాటబోయిన ప్రతివాణ్ణీ ‘షిబ్బోలెతు’ అనమన్నారు. ఎఫ్రాయిము మనిషికి ఆ ‘షి’ పలకదు, ‘సి’ అంటాడు. ఆ ఒక్క అక్షరానికి ప్రాణం తీశారు (న్యాయా 12:6). ఇద్దరూ ఇశ్రాయేలీయులే, ఒకే దేవుని ప్రజలే! ఈ రోజు రేవు దగ్గర కత్తి లేకపోవచ్చు. యాస విని నవ్వే నవ్వు, ‘ఏమిటీ?’ అని మళ్ళీ మళ్ళీ అడిగే విసుగు, ఉచ్చారణ చూసి పక్కన పెట్టేసే ఉద్యోగ దరఖాస్తు, ఇవన్నీ ఆ కత్తికి తోబుట్టువులే.

పెంతెకొస్తు దినాన దేవుడు దీనికి భిన్నమైన పని చేశాడు. వచ్చినవారందరూ ఒకే భాష నేర్చుకుని వస్తే చెబుతాననలేదు. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు ఎవరి భాషలో వారు వినేలా తానే దిగివచ్చాడు (అపొ.కా. 2:8-9). అందుకే, ఇంగ్లిష్ నేర్పే విశ్వాసి ఒక సంగతి మరువకూడదు. ఎదుటివాడు తన భాషకు రావాలని ఆశించే ముందు తాను ఒక అడుగు అతని వైపు వేయాలి. అతని పేరు సరిగ్గా పలకడం నేర్చుకోవడమే ఆ మొదటి అడుగు.

ఇంకో సంగతి చూడండి. ఆది సంఘంలో పుట్టిన మొదటి సణుగుడు భాష పొడవునా చీలింది. అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూశారు. అపొస్తలులు సర్దిచెప్పి ఊరుకోలేదు. ఏడుగురిని ఏర్పరచారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు (అపొ.కా. 6:5). ఏడూ గ్రీకు పేర్లే! ఏ గుంపు గొంతు వినబడలేదో, ఆ గుంపు మాట తెలిసినవారి చేతికే వడ్డన అప్పగించినట్టు కనిపిస్తుంది. వలసదారులకు మేలు చేయాలనుకునే సంఘాలకు ఇంతకంటే మంచి పాఠం లేదు. వాళ్ళ కోసం కమిటీ వేస్తే, ఆ కమిటీలో వాళ్ళుండాలి.

ఎర కాకూడదు, చెర కాకూడదు

ఇలాంటి తరగతులు నడిపే సంఘాలకు ఒక శోధన ఉంటుంది. ఇంగ్లిష్ పేరు చెప్పి పిలిచి, కూర్చున్నాక ప్రసంగం వినిపించడం. అది ఎర వేయడమే. ప్రభువు పదిమంది కుష్ఠురోగుల్ని బాగుచేస్తే తొమ్మిదిమంది తిరిగి రాలేదు (లూకా 17:17). అయినా వాళ్ళ స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు. తరగతి అని చెబితే తరగతే జరగాలి. ఎవరైనా ‘మీరెందుకిలా చేస్తున్నారు?’ అని అడిగితే, అప్పుడు మన నిరీక్షణను గూర్చి సాత్వికంతో చెబుదాం. ‘అతిథిప్రియులై ఉండండి’ అనే మాటకు కొత్త నిబంధనలో వాడిన గ్రీకు పదం ‘ఫిలోక్సేనియా’. దానికి అక్షరార్థం పరాయివాడి మీద ప్రేమ. ఎరలో ఉండేది ఆశ, ప్రేమ కాదు.

పరదేశంలో ఉన్న మన తెలుగు సంఘాలకు మరో శోధన ఉంది. అక్కడ తెలుగు ఆరాధన మనవాళ్ళకు తల్లి ఒడి లాంటిది, అది ఉండవలసిందే. కానీ ఒడి మెల్లగా చెరగా మారకూడదు. ఆదివారం తెలుగులో పాడి, సోమవారం నుంచి శనివారం దాకా తలుపు వేసుకుని కూర్చునే చెల్లెలు మన మధ్య ఉంటే ఆమె చెయ్యి పట్టుకుని తరగతికి తీసుకెళ్ళాలి. ఆమెకు భాష రాకపోతేనే మేలనుకునే భర్తలూ ఉన్నారు. బయటివారితో మాట్లాడలేని ఇల్లాలు, దెబ్బ తిన్నా ఎవరికీ చెప్పుకోలేదు. ఇది కటువైన మాటే, కానీ కాపరులు చెప్పక తప్పదు.

అక్కడున్న మీ వాళ్ళకు ఒక సంగతి తప్పక చెప్పండి. ఆస్ట్రేలియాలో 131 450 నంబరుకు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ద్విభాషి దొరుకుతాడు, 150కి పైగా భాషలకు. ఆపద వస్తే 000కు ఫోన్ చేసి పోలీసా, అంబులెన్సా, అగ్నిమాపక దళమా చెప్పి, తర్వాత తమ భాష పేరు చెబితే చాలు, ద్విభాషిని కలుపుతారు. తల్లి రోగం గురించి డాక్టరుకు పదేళ్ళ పిల్లాడు చెప్పాల్సిన గతి ఏ ఇంటికీ పట్టకూడదు. యోసేపుకూ అతని అన్నలకూ మధ్య కూడా ద్విభాషి నిలబడ్డాడు (ఆది 42:23). అది సిగ్గుపడే సంగతేమీ కాదు.

మన గుమ్మంలోని పరదేశి

ఇంతా చదివి, ఇది ఆస్ట్రేలియా గొడవ అనుకుంటే పొరపాటే. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. మన భాష రానివారు. వాళ్ళ అనువాద పనిలో తోడై నిలిచినవాడు ఆనందరాయర్ అనే విశ్వాసి. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. అయినా ఆ శ్రమ వ్యర్థం కాలేదు. 1812లో సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి. పరాయివాడి పక్కన ఓపికగా కూర్చుని మాట అందించిన ఒక మనిషి వల్ల ఎంత మేలు జరిగిందో, మన చేతిలోని గ్రంథమే సాక్ష్యం.

ఇప్పుడు మన చుట్టూ చూడండి. తెలంగాణ ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీలు, హైదరాబాద్ భవనాల మీద బిహారు, జార్ఖండ్ యువకులు. కూలి లెక్క తప్పు వేస్తే అడగడానికి వాళ్ళకు తెలుగు రాదు. బిడ్డకు జ్వరమొస్తే మందులషాపులో చెప్పడానికి రాదు. మెల్బోర్న్‌లో మన తల్లికి ఎవరో కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట నేర్పారు. మన ఊరి బట్టీలోని తల్లికి మనం వేసే కుర్చీ ఏది? మన సంఘపు హాలు వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటుంది కదా. ఒక్క సాయంత్రం తెరుద్దాం. నల్లబల్ల ఒకటి, టీ గ్లాసులు పది, ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు చాలు.

ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు గనుక పరదేశి మనసు మీకు తెలుసునని దేవుడు ఇశ్రాయేలీయులకు గుర్తుచేశాడు (నిర్గమ 23:9). ఆ మనసు ఇప్పుడు మన ఇళ్ళకూ తెలుసు. పిల్లల్ని దూరదేశం పంపిన ప్రతి తల్లీ, అక్కడ నా బిడ్డను ఎవరైనా ఆదరిస్తే బాగుండునని ప్రార్థిస్తుంది. ఒడిశాలోని ఏదో ఊళ్ళో మరో తల్లి సరిగ్గా అదే ప్రార్థన చేస్తూ ఉండవచ్చు. ఆమె ప్రార్థనకు జవాబు మన ద్వారా వెళ్ళాలని దేవుడు కోరుకుంటున్నాడేమో, ఆలోచిద్దాం. దేవుడు మనకు ఆ మనసును, ఆ మాటను అనుగ్రహించును గాక.