ఇంజను మారుస్తున్నారా? ఈసీయూ చూసుకోండి!

బోధన్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక చెరకు ట్రాక్టర్లకు దూరం పెరిగింది. ఇంజను పాడైతే సెకండ్‌హ్యాండ్‌ది బిగించాలనుకుంటున్నారా? నిజామాబాద్‌లో బేరం కుదుర్చుకునే ముందు ఇవి చూసుకోండి.

పాత మెకానికల్ పంపు ఇంజన్లకు కంప్యూటరు బాధ లేదు. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 నిబంధన వచ్చింది. వీటిలో కామన్‌రైల్ ఇంజన్లుంటాయి. ఎంత డీజిల్ ఎప్పుడు పడాలో ఈసీయూ అనే పెట్టే నిర్ణయిస్తుంది.

పైకి ఒకేలా కనిపించినా, ప్లగ్గు సరిపోయినా లోపలి ప్రోగ్రాం వేరైతే పొగ రావచ్చు, లోడు లాగకపోవచ్చు, అసలు స్టార్టే కాకపోవచ్చు.

* పెట్టె మీది పార్టు నంబరు ఇంజను మోడలుకు సరిపోవాలి.
* ఇంజను, ఈసీయూ, వైరింగు, సెన్సార్లు ఒకే బండివి తీసుకోండి.
* ఇంజెక్టర్లు మారిస్తే వాటి కోడ్‌లను స్కానరుతో ఎక్కించాలి.
* పవర్ పెంచే చిప్ వేస్తామంటే ఒప్పుకోకండి. క్లచ్, గేర్‌బాక్సు తట్టుకోలేవు.
* కొత్త ఇంజను నంబరును ఆర్సీలో ఎక్కించుకోండి.