కట్ట మీది నడక, వాగులోని అడుగు

పాకాల చెరువు కట్ట మీద మొదటిసారి నడిచినవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: "ఇది చెరువా? కొండల మధ్య సముద్రంలా ఉన్నదే!" కాసేపయ్యాక రెండో మాట: "ఎండాకాలం కూడా ఇక్కడ ఇంత చల్లగా ఉన్నదేమిటి?" వానకాలంలో వెళ్లినవాళ్లు తిరుగు దారిలో మూడో మాట కూడా అంటారు: "పొద్దున మోకాలి లోతు లేని వాగు ఇప్పుడింత పొంగిందేమిటి? వాన వెలిసి చాలాసేపయిందే!"

ఈ మూడు మాటలకూ జవాబులు మీ సైన్సు పుస్తకంలోనే ఉన్నాయి. మొదటి రెండు జవాబులు తెలిస్తే నడకలో ఆనందం పెరుగుతుంది. మూడోది తెలిస్తే ప్రాణం దక్కుతుంది.

నీరు ఎటు పోతుంది?

ముందుగా ఆ ప్రాంతపు నేల తీరు చూద్దాం. సికింద్రాబాదు నుండి రైలులో వస్తే మొదట జనగామ తగులుతుంది. అది సముద్రమట్టానికి దాదాపు 380 మీటర్ల ఎత్తున ఉన్న మెట్ట ప్రాంతం. అక్కడి నుండి వరంగల్లు, మహబూబాబాదు దాటి ఖమ్మం చేరేసరికి ఆ ఎత్తు 110 మీటర్ల దరిదాపులకు తగ్గిపోతుంది. నీరు పల్లమెరుగు గదా! జనగామ వైపు కురిసిన వానలో కొంత ఆకేరులోకి చేరుతుంది. పాకాల అడవుల నీరు మున్నేరులోకి చేరుతుంది. మున్నేరు పాకాల చెరువు దగ్గర పుట్టి, మహబూబాబాదు జిల్లా గుండా ఖమ్మం మీదుగా ప్రవహించి కృష్ణలో కలుస్తుంది. దారిలో ఆకేరును తనలో కలుపుకుంటుంది.

ఇక ఉత్తరాన భూపాలపల్లి వైపు వెళ్లండి. అక్కడి గణపురంలో గణపసముద్రం అనే మరో కాకతీయుల నాటి చెరువున్నది. ఆ ప్రాంతపు నీరు కృష్ణకు పోదు, గోదావరికి పోతుంది. పెంకుటింటి నడికొప్పు మీద పడిన వాన కొంత ముంగిట్లోకి, కొంత పెరట్లోకి జారినట్లే ఇదీ. రెండు నదుల నీటిని ఇలా విడదీసే ఎత్తైన నేలను జలవిభాజకం అంటారు.

పొట్టి కట్ట, పెద్ద చెరువు

కాకతీయ గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పాలించాడు. పాకాల చెరువు ఆయన కాలంలో, 1213 ప్రాంతంలో కట్టినది. నిండినప్పుడు నీరు దాదాపు 30 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుంటుందని చెబుతారు. అంత నీటిని ఆపడానికి చుట్టూ గోడ కట్టారా? లేదు. కొండల వరుసలో వాగు బయటికి పారే సందు ఎక్కడున్నదో చూసి, ఆ సందును మాత్రమే మట్టికట్టతో మూశారు. మిగతా గోడల పని కొండలే చేస్తున్నాయి. కట్ట మీద నిలబడి రెండు చివరలా చూడండి. కట్ట కొండలో ఎక్కడ కలిసిపోయిందో కనిపెట్టగలిగితే, ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ పనివారి ఆలోచన మీకు అందినట్లే.

ఇంకొకటి గమనించండి. కట్ట పైభాగం సన్నగా, అడుగుభాగం బాగా వెడల్పుగా ఉంటుంది. ఎందుకు? నీటి పీడనం లోతును బట్టి పెరుగుతుంది. ఒక మీటరు లోతున ప్రతి చదరపు మీటరు మీద 1 టన్ను బరువు ఒత్తుతుంది. 8 మీటర్ల లోతున అది 8 టన్నులవుతుంది. ఒత్తిడి ఎక్కడ ఎక్కువో అక్కడ మట్టి ఎక్కువ ఉండాలి.

చెరువుకు రెండు ద్వారాలుంటాయి. పొలాలకు కావలసినప్పుడు నీరు వదిలేది తూము. చెరువు నిండాక మిగులు నీరు దానంతటదే పొర్లిపోయేది మత్తడి. దీన్నే కొన్ని చోట్ల అలుగు అంటారు. మత్తడి లేకపోతే నీరు కట్ట మీదుగా పొర్లి, మట్టిని కోసి, గండి పెడుతుంది.

చల్లగాలి ఎక్కడిది?

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన ఉష్ణం, ఒక కిలో పొడిమట్టికి కావలసిన దానికన్నా దాదాపు ఐదు రెట్లు. అందువల్ల పగటిపూట నేల త్వరగా కాగుతుంది, చెరువు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి చెరువు మీది చల్లగాలి వస్తుంది. పైగా నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుండి తీసుకుంటుంది. కొత్త కుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే.

చల్లగా ఉన్నది గదా అని నీటిలోకి మాత్రం దిగకండి. పాకాల 1952 నుండి అభయారణ్యం. అక్కడి నీటిలో మొసళ్లున్నాయి.

వాన వెలిశాక వాగు పొంగడమేమిటి?

ఇప్పుడు మూడో మాటకు వద్దాం. మీ నెత్తి మీద వాన ఆగితే వాగుకు ఏమీ తెలియదు. పైన ఎక్కడో కొండల్లో పడిన నీరు గంటల తరబడి నడిచి మీ దగ్గరికి వస్తుంది. దారిలో చెరువులుంటే ఇంకా ఆలస్యం. లెక్క చూడండి. 30 చదరపు కిలోమీటర్ల చెరువులో నీటిమట్టం ఒక్క సెంటీమీటరు పెరగాలంటే 3 లక్షల ఘనపు మీటర్ల నీరు చేరాలి. ఆ నీరు ఒక్కసారిగా బయటికి పోదు, మత్తడి మీదుగా తీరిగ్గా పోతుంది. వాన ఆగి ఆకాశం తేటపడినా మత్తడి పొర్లుతూనే ఉంటుంది. గొలుసుకట్టు చెరువులైతే పై చెరువు నిండి, పొర్లి, కింది చెరువును నింపి, అదీ పొర్లాక గాని మీ వాగుకు వరద రాదు. మీరు అవతలి ఒడ్డున అన్నం తింటూ ఉండగా వచ్చేది ఆ వరదే!

మోకాలి లోతు నీరు మనిషిని ఏం చేస్తుంది అనుకుంటున్నారా? మీ బరువు 45 కిలోలు, నీటి లోతు అర మీటరు అనుకోండి. మునిగిన కాళ్లు పక్కకు తోసిన నీటి బరువు సుమారు 8 కిలోలు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం మీ బరువు అంత తగ్గి, 37 కిలోలే నేలను నొక్కుతాయి. పాచి పట్టిన రాళ్ల మీద ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, మీ పాదాలు ఆపగలిగే తోపు 11 కిలోలు మాత్రమే.

నీరు సెకనుకు 1 మీటరు వేగంతో పారుతుంటే, స్థూలంగా లెక్కించినా, మీ కాళ్ల మీద దాని తోపు 7 లేక 8 కిలోలు ఉంటుంది. కష్టం మీద నిలబడతారు. వేగం 2 మీటర్లయితే? తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 30 కిలోలు! ఇక నిలబడడం మీ చేతిలో ఉండదు. వెయ్యి కిలోల కారుకైనా ఇదే సూత్రం. వెయ్యి లీటర్ల నీటిని పక్కకు తోయగానే అది తేలిపోతుంది.

ఇవి కాగితం మీది లెక్కలు కావు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. పడవలూ హెలికాప్టర్లూ వచ్చి వారిని కాపాడవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లా కేసముద్రం దగ్గర వరద రైలుకట్టనే కోసివేయగా పట్టాలు గాలిలో వేలాడాయి. రైలుకట్టను కోసిన నీటికి మన కాళ్లొక లెక్కా?

వాగు దాటే ముందు

వాగు వేగాన్ని ఒడ్డునే ఉండి కొలవవచ్చు. ఒడ్డు వెంట 10 మీటర్లు అడుగులతో కొలిచి గుర్తు పెట్టండి. నీటిలో ఎండుటాకు వేసి సెకన్లు లెక్కపెట్టండి. 10 సెకన్లు పడితే వేగం 1 మీటరు, 5 సెకన్లు పడితే 2 మీటర్లు.

నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పావుగంట ఆగండి. పుల్ల మునుగుతుంటే వరద వస్తున్నదని అర్థం. తేటనీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకు వస్తున్నా అదే సూచన.

అడుగు కనిపించని నీటిలో, తోపు పెరుగుతున్న నీటిలో దిగకండి. వెనక్కి వెళ్లండి, లేదా ఆగండి. ఇంటికి ఆలస్యంగా చేరితే ఒక పూట చీవాట్లు, అంతే. అడవి దారిలో పెద్దలు తోడు లేకుండా, అటవీ సిబ్బందికి చెప్పకుండా నడవకండి.

పాకాల దాకా వెళ్లలేకపోయినా పరవాలేదు. మీ ఊరి చెరువు ఉన్నది గదా! మాస్టారితో కలిసి కట్ట మీద నడవండి. తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, మత్తడి నీరు ఏ చెరువులోకి, ఏ వాగులోకి పోతుందో రైతులను అడిగి పటం గీయండి. చివరికి ఈ ప్రశ్నకు జవాబు రాయండి: మీ బడి కప్పు మీద పడిన వానచుక్క గోదావరికి పోతుందా, కృష్ణకు పోతుందా?