మారిషస్ ద్వీపమున వసంతకాలపు పెరటితోట

వసంతమనగానే మన పిల్లలకు చైత్రమాసము, మామిడి పిందెలు, కోయిల కూత, వాటితోపాటు సంవత్సరాంతపు పరీక్షలును జ్ఞాపకమునకు వచ్చును. అయితే లోకమంతటను వసంతము ఒకే నెలలో వచ్చునా? రాదు. భూమధ్యరేఖకు దక్షిణముననున్న దేశములలో మనకు వర్షములు వెనుకపట్టు సెప్టెంబరు, అక్టోబరు నెలలే వసంతకాలము. అట్టి దేశములలో నొకటియగు మారిషస్ ద్వీపమున ఒక సామాన్య కుటుంబము వసంతమున తన పెరటితోటను ఎట్లు సాగుచేయునో, అట్లు చేయుటకు కారణములేవో ఈ వ్యాసమున మేము వివరింపదలచితిమి. ఆ ద్వీపమున తెలుగువారి సంతతి నేటికిని నివసించుచున్నది గనుక ఈ సంగతి మనకు బొత్తిగా పరాయిది కాదు.

ద్వీపమును, దాని ప్రజలును

మారిషస్ హిందూమహాసముద్రమున మడగాస్కరునకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున నున్నది. ముఖ్యద్వీపము వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన జిల్లాలు పెక్కు దానికంటె పెద్దవి. సముద్రగర్భమునుండి పైకుబికిన అగ్నిపర్వతములవలన ఆ నేల పుట్టినది. అందుచేత ఎక్కడ త్రవ్వినను నల్లరాయి తగులును. చెరకుతోటల నడుమ కోటగోడలవలె పేర్చియున్న రాళ్లకుప్పలు నేటికిని కనబడును. ఆ రాళ్లను ఏరి కుప్పవేసినవారిలో మనదేశమునుండి పోయిన కూలీలును కలరు.

అచ్చట 1835వ సంవత్సరమున బానిసత్వము రద్దు చేయబడెను. చెరకుతోటలలో పనిచేయుటకై 1834 మొదలు ఒడంబడికమీద మనదేశపు కూలీలను తీసికొనిపోవుచుండిరి. వారిలో తెలుగువారు కొందరు. కాకినాడకు సమీపముననున్న కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినందున వారికి ఆ ద్వీపమున ‘కోరింగీలు’ అను పేరు కలిగెను. వారి సంతతివారు ఇప్పుడు ఇంటిలో ఎక్కువగా క్రియోలు భాష మాటలాడుదురు. తెలుగును పాఠశాలలలో నేర్చుకొందురు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవు దినము. మనకు వసంతారంభమైన ఆ పండుగ వారికి వేసవి ముగిసి చలి రాబోవు దినములలో వచ్చుట ఒక వింత.

తలక్రిందులైన పంచాంగము

ఆ ద్వీపమున ఋతువులు ముఖ్యముగా రెండే. నవంబరు మొదలు ఏప్రిలు వరకు ఉక్కగల వానకాలపు వేసవి. జూను మొదలు సెప్టెంబరు వరకు చల్లని పొడికాలము. వేసవికిని చలికాలమునకును సగటు ఉష్ణములో సుమారు నాలుగు డిగ్రీలే భేదము. మంచు ఎన్నడును పడదు. చెట్లన్నియు ఆకురాల్చి మోడువారుటయు లేదు. అటువంటి చోట వసంతము వచ్చినదని ఎట్లు తెలియును? తోటవాడు చెట్లను చూచి తెలిసికొనును. చలికాలమున పూసిన మామిడి పిందె కట్టును. లిచ్చీచెట్టు పూతతో నిండును. చలికి ఎదుగక ముడుచుకొనియున్న బెండ, వంగ మొక్కలు క్రొత్తచిగురు వేయును. మన ఊళ్లలో ఏప్రిలు, మే నెలలలో ఎర్రగా పూయు తురాయిచెట్టు అచ్చట నవంబరు, డిసెంబరు నెలలలో పూయును. చెట్టు అదే, దానికి మన నెలల పేర్లతో పనిలేదు, ఎండతోను వానతోను మాత్రమే పని.

ఈ సంగతిని తొలితరమువారు అనుభవమువలన నేర్చుకొనవలసి వచ్చెను. స్వదేశమున ఏ నెలలో ఏ విత్తనము చల్లవలెనో తాతలు చెప్పిన లెక్క అచ్చట పనికిరాదు. దిక్కుల లెక్కయు మారును. మనకు సంవత్సరములో ఎక్కువ దినములు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి దక్షిణముగా నుండును గనుక నీడ ఉత్తరమునకు పడును. సుమారు 20 డిగ్రీల దక్షిణ అక్షాంశముననున్న మారిషస్‌లో సూర్యుడు ఎక్కువ దినములు ఉత్తరముగా నుండి నీడ దక్షిణమునకు పడును. నవంబరు చివర మొదలు జనవరి మూడవ వారము వరకు మాత్రమే అది మారి సూర్యుడు కొంచెము దక్షిణమునకు జరుగును. కావున అరటి, మునగవంటి ఎత్తైన చెట్లను పెరటికి దక్షిణపు అంచున నాటినయెడల అవి కూరమొక్కల ఎండను కాజేయవు. విద్యార్థులు భూగోళశాస్త్రములో చదువు అక్షాంశము పెరటిలోని అరటిచెట్టునకు చోటు నిర్ణయించుచున్నదని గ్రహింతురుగాక.

పెరటిలో పని

వసంతపు పని సెప్టెంబరులో నేలను సిద్ధపరచుటతో ఆరంభమగును. మన్ను లోతులేనిచోట రాళ్లను ఏరి, వాటితోనే చుట్టును గట్టుకట్టి, లోపల మన్నును పెంటయెరువును నింపి ఎత్తైన మళ్లు చేయుట మేలు. చెరకు నరుకు కాలము జూను మొదలు డిసెంబరు వరకు గనుక ఆ దినములలో ఎండిన చెరకు ఆకు సులభముగా దొరకును. దానిని మొక్కల మొదళ్లచుట్టు పరచినయెడల తేమ ఆరిపోదు, కలుపు పెరుగదు, చివికి ఎరువగును.

నీరు ఈ కాలమున గొప్ప చిక్కు. సంవత్సరములో మిక్కిలి వానతక్కువ నెల అక్టోబరు. మొక్కకు నీరు కావలసినప్పుడే ఆకాశము ఇయ్యదు. మధ్యభాగముననున్న పీఠభూమిమీద, సముద్రమట్టమునకు సుమారు 550 మీటర్ల ఎత్తుననున్న క్యూర్‌పీప్ పట్టణములో, తరచుగా జల్లులు పడును. పడమటితీరమున నేల బీటలువారును. కొళాయినీరు కొన్నిగంటలు మాత్రమే వచ్చు దినములును కలవు. అందుచేత జాగ్రత్తగల ఇల్లాలు బియ్యము కడిగిన నీళ్లను, కూరలు కడిగిన నీళ్లను పారబోయక బాల్టీలో నిలువచేయును. తెల్లవారగనే పిల్లలు బడికి పోకముందు ఆ నీళ్లను మొక్కల మొదళ్లలో పోయుదురు. ఆ దేశమున విద్యాసంవత్సరము జనవరిలో ఆరంభమై సంవత్సరాంతమునకు ముగియును గనుక మనకు మార్చి ఎట్టిదో వారికి అక్టోబరు అట్టిది. ఒక చేత పుస్తకము, ఒక చేత చెంబు పట్టుకొని వారును పరీక్షలకు సిద్ధపడుదురు.

తోటలోని మొక్కలను చూచినయెడల మన పెరటిలోనే నిలిచినట్లుండును. మునగాకును అచ్చట ‘బ్రేద్ మురుం’ అందురు. ‘బ్రేద్’ అనగా ఆకుకూర. కరివేపాకు ‘కారిపులే’, కొత్తిమీర ‘కోతోమిలి’, బీరకాయ ‘పిపంగాయ్’, పొట్లకాయ ‘పాతోల్’. వినగానే దక్షిణహిందూదేశపు గొంతుక, విశేషించి అరవల గొంతుక, ఈ మాటలలో వినబడును. బెండకాయ మాత్రము ‘లాలో’, కాకరకాయ ‘మార్గోజ్’. మనము బెంగళూరు వంకాయ అను కాయను వారు ‘షూషూ’ అని పిలిచి, కాయతోపాటు తీగచిగుళ్లను కూడ వండుకొందురు. మధ్యాహ్నమున అన్నము, పప్పు, ఆకుకూర ఉడికించిన పలుచని చారు, రోటిపచ్చడి అచ్చటి సామాన్యభోజనము. మాటలు మారినను, కంచము అంతగా మారలేదు.

ఈ పెరటిపంట వినోదముకొరకు మాత్రమే కాదు. ద్వీపపు సాగునేలలో ఎక్కువభాగమును బహుకాలము చెరకే ఆక్రమించెను. తినుటకు కావలసిన బియ్యము, గోధుమలు ఓడలమీద పరదేశములనుండి రావలెను. గనుక ఇంటివెనుక నాలుగు మళ్ల కూర పండించుకొనగల కుటుంబమునకు ధరలు పెరిగినప్పుడు కొంత ధైర్యము కలుగును.

శత్రువులు, అతిథులు

తోటకు శత్రువులు లేకపోలేదు. మొదటి వాన కురిసిన రాత్రి ఆఫ్రికాదేశపు పెద్ద నత్తలు బయలుదేరి లేతనారును కొరికివేయును. దీపము పట్టుకొని ఏరివేయుటే సులభోపాయము. కాయయీగ బీర, కాకర పిందెలలో గ్రుడ్లు పెట్టును గనుక పిందెగా నున్నప్పుడే కాగితపు సంచి తొడుగవలెను. 1892లో ఆ ద్వీపమునకు తేబడిన ఎర్రబుగ్గల పిగిలిపిట్ట ఇప్పుడు అంతటను వ్యాపించి పండ్లను పొడుచుచున్నది.

లిచ్చీపండ్లకొరకు వచ్చు పెద్దగబ్బిలము సంగతి వేరు. అది ఆ దీవులలో తప్ప మరెక్కడను లేని జాతి. తోటలు నష్టపడుచున్నవని ప్రభుత్వము 2015 మొదలు పలుమారులు వాటిని వేలకొలది చంపించెను. అయితే అవి అడవిచెట్ల పండ్లను తిని విత్తనములను దూరదూరమున విడుచును. అవి నశించినయెడల అడవియు క్షీణించును. కాబట్టి పెరటిలో ఒకటి రెండు లిచ్చీచెట్లుగల కుటుంబము డిసెంబరు పండ్లకొరకు నవంబరులోనే వల కప్పుట ఉత్తమము. పంటను కాపాడుకొనవచ్చును, ప్రాణిని చంపనక్కరలేదు.

తుపాను లెక్క

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చెప్పవలెను. వసంతమున చల్లిన ప్రతి విత్తనముమీద తుపాను భయము కలదు. అచ్చట తుపానులకాలము నవంబరు మొదలు మే నెల నడుమవరకు. బలమైనవి ఎక్కువగా జనవరి మొదలు మార్చి వరకు వచ్చును. మన తీరపు తుపానుగాలి గడియారపు ముళ్లకు ఎదురుగా తిరుగును. అచ్చటిది ముళ్లతోకూడ తిరుగును. విధ్వంసము రెండింటికిని ఒకటే. 1839 నవంబరులో తుపాను, ఉప్పెన కోరంగి రేవును పాడుచేసెను. 1960 ఫిబ్రవరిలో ‘కారల్’ అను తుపాను మారిషస్‌లో వేలకొలది ఇండ్లను కూల్చెను. ఆ పిమ్మట ఆ ద్వీపమున సిమెంటు ఇండ్లు విస్తరించెను. ఇప్పుడు నాలుగు తరగతుల హెచ్చరికలు ప్రకటింపబడును. గట్టిగాలి రాకకుముందు కనీసము ఆరుగంటల పగటివెలుతురు మిగిలియుండునట్లు మూడవ హెచ్చరికను ఇచ్చుట నియమము.

ఇండ్లను సిమెంటుతో కట్టవచ్చును గాని సొరపాదును సిమెంటుతో కట్టజాలము. అట్లయిన తోట వేయుట మానవలెనా? వివేకముగల కుటుంబము మానదు, లెక్క వేయును. తోటకూర సుమారు నెలదినములలో కోతకు వచ్చును. బెండ యాబది దినములకు, బీర, సొర సుమారు అరువది దినములకు కాపు పట్టును. సెప్టెంబరు నడుమ విత్తినవి నవంబరులో కాయును; జనవరి వచ్చునప్పటికి కుటుంబము రెండునెలల కాపు తినియుండును. ఇది మొదటి భాగము. రెండవ భాగము భూమిలో దాగు పంట: చిలగడదుంప, చేమదుంప, కర్రపెండలము. గాలి ఆకులను చీల్చినను దుంప నిలుచును. కర్రపెండలమును అచ్చట ప్రవేశపెట్టినవాడు 1735లో గవర్నరుగా వచ్చిన లా బుర్దొనె. అది మొదట బానిసల ఆహారముగా నుండెను. మూడవ భాగము మునగ, అరటివంటి ఎత్తైనవి. హెచ్చరిక వినగనే మునగకొమ్మలను నరికివేయుదురు. మోడునుండి అది మరల చిగుర్చును. అరటిగెల పక్వమునకు వచ్చియున్నయెడల కోసి లోపల పెట్టుదురు. పందిరిని విప్పి కర్రలను కట్టకట్టుదురు. విడిగానున్న కర్ర గాలిలో బల్లెమగును.

నాలుగవ భాగమొకటి కలదు; అది ఇంటిలోపల నుండును. ఆరోగ్యముగల మొక్కనుండి ఒక కాయను ముదరనిచ్చి, ఎండబెట్టి, విత్తనము తీసి బూడిద కలిపి సీసాలో మూతపెట్టి దాచుట. గాలి తోటనంతయు ఊడ్చివేసినను ఆ సీసా యున్నంతవరకు తోట పోయినట్లు కాదు. ఈ పని సామాన్యముగా ఇంటిలోని వృద్ధురాలిది. మనుమరాండ్రకు ఏ గింజ ఏ కాయదో చూపి చెప్పుటవలన విత్తనముతోపాటు జ్ఞానమును నిలుచును.

మనకు ఉపయోగము

మన తీరమున తుపానులు హెచ్చుగా అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చును. 1977 నవంబరులో దివిసీమకు కలిగిన నాశనమును, 2014 అక్టోబరులో విశాఖపట్టణమున హుద్‌హుద్ తుపానుకు కూలిన చెట్లను పెద్దలు మరువలేదు. అట్లుండగా మన పెరళ్లలోను, పాఠశాల తోటలోను విత్తునప్పుడు గింజ నాటిన దినమునుండి తుపాను నెలవరకు ఎన్నిదినములున్నవో ఎందరు లెక్కించుచున్నారు? జూనులో విత్తిన బెండ, బీరలు ఆగస్టులో కాయును. ఆగస్టు చివర విత్తినవి సరిగా గాలి వచ్చువేళకు పందిరినిండ పూతతో నుండును. అదే శ్రమ, అదే ఎరువు. నాటిన నెల మాత్రమే వేరు.

గనుక ప్రతి విద్యార్థియు ఒక చిన్న పుస్తకమున విత్తిన దినము, మొలచిన దినము, పూచిన దినము, మొదటికాయ కోసిన దినము వ్రాసికొనవలెనని మేము కోరుచున్నాము. తలిదండ్రులు ఇందుకు ఒక మడియైనను పిల్లలకు విడిచిపెట్టుదురుగాక. మూడు సంవత్సరములు అట్లు వ్రాసినయెడల ఆ ఊరికి, ఆ నేలకు తగిన పంచాంగము ఆ యింట తయారగును. సముద్రము దాటిపోయిన మనవారు పాతలెక్క పనికిరాదని తెలిసికొని, క్రొత్తదేశపు ఎండను, నీడను, గాలిని చూచి క్రొత్తలెక్క వ్రాసికొనిరి. ఇల్లు విడువని మనకు అది అంతకంటె సులభము.