ఒక చెవికి అనేక పరికరాలు: వినికిడి యంత్రాల వైర్‌లెస్ అనుసంధానం

వినికిడి యంత్రంలోని మైక్రోఫోను చుట్టూ ఉన్న శబ్దాలను గ్రహించి పెంచుతుంది కనుక, టీవీలోని మాటతో పాటు ఫ్యాను హోరు, గోడలకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వని కూడా అందులో కలుస్తాయి. దూరం పెరిగే కొద్దీ మాట స్పష్టత తగ్గిపోతుంది. శబ్దాన్ని మరింత పెంచినంత మాత్రాన ఈ లోపం తీరదు. ఫోను, టీవీ, కంప్యూటరు నుంచి వచ్చే ధ్వనిని రేడియో తరంగాలుగా నేరుగా యంత్రానికి పంపి, వినేవారి వినికిడి లోపానికి తగినట్లు సవరించి చెవికి అందించడం ఇందుకు మేలైన మార్గం.

ధ్వనిని నేరుగా యంత్రానికి చేర్చే ప్రయత్నానికి తొలి రూపాల్లో ఒకటి టెలికాయిల్. యంత్రంలో ఇమిడే ఈ చిన్న తీగచుట్ట, టెలిఫోను రిసీవరు గాని గది చుట్టూ పరచిన తీగ గాని వెలువరించే అయస్కాంత క్షేత్రాన్ని అందుకుంటుంది. తర్వాతి కాలంలో మెడలో ధరించే స్ట్రీమర్ అనే పరికరం ఫోనుకూ చెవికీ మధ్యవర్తిగా నిలిచింది. ఆ మధ్యవర్తిని తొలగిస్తూ ఆపిల్ సంస్థ ఐఫోన్ల కోసం, గూగుల్ 2018లో ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం వేర్వేరు పద్ధతులను రూపొందించడంతో, ఒక ఫోనుతో చక్కగా కలిసే యంత్రం మరో ఫోనుతోనో ల్యాప్‌టాప్‌తోనో కలవని పరిస్థితి ఏర్పడింది.

అనేక పరికరాలతో కలపడం గురించి మాట్లాడేటప్పుడు రెండు విషయాలను వేరుచేసి చూడాలి. జత చేయడమంటే యంత్రం ఒక పరికరాన్ని గుర్తుపెట్టుకోవడం. అనుసంధానమంటే ఆ క్షణాన దానితో సంబంధం నిలిచి ఉండడం. ఉదాహరణకు, 2020లో వచ్చిన ఫోనాక్ ప్యారడైజ్ యంత్రాలు 8 బ్లూటూత్ పరికరాలను గుర్తుపెట్టుకుంటాయి గాని, ఏకకాలంలో రెండింటితోనే అనుసంధానమవుతాయి; ఆ రెండింటిలోనూ ఒక సమయానికి ఒకదాని ధ్వనే వినిపిస్తుంది. అందువల్ల పక్కగదిలోని ట్యాబ్లెట్ ఒక స్థానాన్ని ఆక్రమించి ఉంటే, కొత్తగా తెరిచిన ల్యాప్‌టాప్ కలవకపోవచ్చు. అప్పుడు ట్యాబ్లెట్‌లో బ్లూటూత్ ఆపితే చాలు.

ఈ పరిమితికి భౌతిక కారణాలూ ఉన్నాయి. యంత్రంలోని బ్యాటరీ చాలా చిన్నది, ప్రతి రేడియో సంబంధమూ దాని శక్తిని ఖర్చు చేస్తుంది. పైగా బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తల గణనీయంగా శోషించుకుంటుంది కాబట్టి, పలు యంత్రాలు ఒక చెవి నుంచి మరో చెవికి సమాచారం పంపడానికి సమీప అయస్కాంత ప్రేరణను ఆశ్రయిస్తాయి.

ఈ చిక్కులను దృష్టిలో ఉంచుకొని 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే ఉమ్మడి ప్రమాణం, ధ్వనిని తక్కువ సమాచారంలో ఇమిడ్చే ఎల్‌సీ3 విధానంతో బ్యాటరీ భారాన్ని తగ్గించి, రెండు చెవులకూ వేర్వేరు ధ్వని ప్రవాహాలను సమన్వయంతో పంపగలుగుతోంది. ఇందులో భాగమైన ఆరాకాస్ట్ ద్వారా విమానాశ్రయంలోనో సభామందిరంలోనో ఉన్న ఒకే ప్రసారిణి, జత చేసే అవసరం లేకుండానే ఎందరికైనా ధ్వనిని అందించగలదు. అయితే పంపే పరికరం, అందుకునే యంత్రం రెండూ ఈ ప్రమాణానికి తగినవై ఉండాలి.

కాబట్టి యంత్రం కొనేటప్పుడు అది ఎన్నింటితో జతకడుతుందన్నది ఒక్కటే అడిగితే సరిపోదు. ఏకకాలంలో ఎన్నింటితో కలిసి ఉంటుంది, ఇంట్లోని ఫోను, కంప్యూటరు ఏ పద్ధతిలో పనిచేస్తాయి, టీవీకి వేరే అనుబంధ పరికరం కావాలా అన్నవి ఆడియాలజిస్టు ఎదుటే, వీలైతే సొంత ఫోనుతో పరీక్షించి తెలుసుకోవాలి. వృద్ధులు ఫోను నుంచి టీవీకి మారడానికి ప్రతిసారీ ఇంట్లో మరొకరిని పిలవాల్సి వస్తే ఆ సౌకర్యం అసంపూర్ణమే. ధరించినవారు తమంతట తాము వాడుకోగలిగిన యంత్రమే వారికి తగిన యంత్రం.