రైలుకు దొరికిన చట్టం బస్సుకు దొరకలేదు

డ్రైవరు లేని రైలును దేశంలో మొదటిసారిగా 2020 డిసెంబర్ 28న ఢిల్లీ మెట్రో మెజెంటా మార్గంలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. జనక్‌పురి వెస్ట్ నుంచి బొటానికల్ గార్డెన్ వరకు నాటికి దాని పొడవు 37 కిలోమీటర్లు. యంత్ర మహిమను గురించి అందరూ మాట్లాడుకున్నారు గాని, అందుకోసం మార్చవలసివచ్చిన నిబంధనలను పట్టించుకున్నవారు తక్కువ.

2013 నాటి మెట్రో రైల్వే సాధారణ నిబంధనలు డ్రైవరు లేకుండా రైలు నడపడానికి అంగీకరించవు. కేంద్రం 2020లో వాటిని సవరించింది. ఆపైన మెట్రో రైలు భద్రతా కమిషనరు పరిశీలించి, షరతులతో అనుమతి ఇచ్చారు. ఈ కమిషనరు మెట్రో సంస్థకు గాని, రైల్వే శాఖకు గాని చెందినవారు కారు. పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. నడిపేవారే పరీక్షకులు కారాదన్నది ఇందులోని సూత్రం. ఇంత జాగ్రత్త అవసరమే. 2017 డిసెంబర్ 19న ఇదే మార్గానికి చెందిన రైలొకటి కాళిందీ కుంజ్ డిపో గోడను బద్దలుకొట్టుకుని బయటికి వచ్చిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చు. ప్రారంభోత్సవానికి అప్పటికి ఆరు రోజులే వ్యవధి. అది సిబ్బంది నిర్లక్ష్యమని మెట్రో సంస్థే ప్రకటించింది.

రోడ్డు సంగతి వేరు. పట్టాల మీద అడ్డొచ్చే ఆవు లేదు, ఎదురొచ్చే ఆటో లేదు. అంతకన్న ముఖ్యం, 1988 నాటి మోటారు వాహనాల చట్టం యావత్తూ డ్రైవరనే మనిషి చుట్టూ అల్లినది. లైసెన్సు అతనిది. ప్రమాదం జరిగితే క్షతగాత్రునికి వైద్యం అందేలా చూడవలసిన బాధ్యత అతనిది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద బోనెక్కేదీ అతనే. సీటే ఖాళీ అయితే పోలీసులు ఎవరి మీద కేసు పెట్టాలి? బండి యజమాని మీదనా, సాఫ్ట్‌వేరు రాసిన కంపెనీ మీదనా? బ్రిటన్ పార్లమెంటు 2024లో దీనికొక సమాధానం చెప్పింది. బండి తనంతట తాను నడుస్తున్నప్పుడు దాని నడవడికి అనుమతి పొందిన సంస్థే జవాబుదారీ అని చట్టం చేసింది.

రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వబోమని 2017లోను, మళ్లీ 2023లోను చెప్పారు. లక్షలాది డ్రైవర్ల ఉపాధి పోతుందన్నది ఆయన వాదం. అది తోసిపుచ్చదగినది కాదు. కాని మంత్రి మాట శాసనం కాదు కదా! విచిత్రమేమంటే, ఆయనే పార్లమెంటులో నెగ్గించుకున్న 2019 సవరణలో 2బి అనే కొత్త సెక్షను ఉంది. పరిశోధన, నూతన ఆవిష్కరణల ప్రోత్సాహం పేరిట కొన్ని రకాల వాహనాలను ఈ చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి దీనివల్ల దక్కింది.

కంది వద్ద ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో డ్రైవరు లేని బండ్లను పరీక్షించడానికి 2022లోనే ప్రత్యేక రంగస్థలం ఏర్పడింది. అక్కడ తిరిగేది విద్యార్థుల మధ్య. ఆ బండి ప్రహరీ దాటి జాతీయ రహదారి ఎక్కాలంటే ఆధారం బహుశా ఈ 2బి అవుతుంది.

అదే 2019 సవరణలోని 164వ సెక్షను, తప్పెవరిదో రుజువు చేయకుండానే మృతుని కుటుంబానికి యజమాని లేదా బీమా సంస్థ 5 లక్షల రూపాయలు చెల్లించాలంటుంది. డ్రైవరు లేని బస్సు కింద పడ్డవారికి మిగిలే గట్టి ఆధారం అదొక్కటే. 2బి మినహాయింపు దానిని కూడా తుడిచిపెట్టగలదా? సెక్షనులో అటువంటి అడ్డు లేదు; షరతులు నిర్ణయించేది కేంద్రమే. ఏ బస్సుకైనా ఆ మినహాయింపు ఇచ్చే ముందే సభ్యులెవరైనా ఈ ప్రశ్నను లోక్‌సభలో లేవనెత్తాలి.